చెల్లెలి ఒంట్లో పాదరసం: డ్రిప్పుల కన్నా ముందు ఆ క్రీము డబ్బా సంగతి చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. మీ చెల్లెలికి 29 ఏళ్ళు, నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. మూడు నెలలుగా కాళ్ళకీ, కళ్ళ కిందా వాపు. మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం ఇంకా నార్మల్‌గానే ఉంది. కిడ్నీ డాక్టరు బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) అంటున్నారు. ఈలోగా ఎవరో చెబితే ఒక వెల్‌నెస్ సెంటర్‌కి వెళ్ళారు. వాళ్ళు జుట్టు కత్తిరించి పరీక్షకి పంపి, మెర్క్యురీ (పాదరసం), లెడ్ (సీసం), ఆర్సెనిక్, అల్యూమినియం అన్నీ ఎక్కువగా ఉన్నాయని రంగుల రిపోర్టు ఇచ్చి, ఆ లోహాల్ని బయటికి లాగడానికంటూ 12 డ్రిప్పులు పెట్టించుకోమన్నారు. డ్రిప్పులు పెట్టించాలా, చేపలు మానేయాలా, అమ్మ పంటిలో ఉన్న వెండి సిమెంటు తీయించాలా అని అడిగారు. ఆఖర్న, మాటవరసకి అన్నట్టు, "రెండేళ్ళుగా పార్లర్ వాళ్ళిచ్చిన ఫెయిర్‌నెస్ క్రీము వాడుతోంది, దానికీ దీనికీ సంబంధం ఉండదనుకుంటా" అని రాశారు.

సంబంధం ఉందనే నా అనుమానం. మీరు రాసినదంతటిలో నన్ను ఆపేసిన వాక్యం అదే. నేను 26 ఏళ్ళుగా క్లినికల్ బయోకెమిస్ట్రీలో ఉన్నాను. అందులో ఎక్కువ కాలం రక్తంలో, మూత్రంలో లోహాలు కొలిచే పనే. మీ చెల్లెల్ని నేను చూడలేదు కాబట్టి ఆఖరి మాట ఆమె కిడ్నీ డాక్టరుదే. కానీ ఈ రాత్రికే క్రీము ఆపించండి. డబ్బా పారేయకండి. మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, బాబుకి అందని చోట పెట్టండి. డ్రిప్పులకి అడ్వాన్స్ కట్టి ఉంటే ఆ డబ్బు గురించి ఆలోచించకండి, వెళ్ళకండి.

ఎందుకో చెబుతాను.

కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆస్పత్రి నెఫ్రాలజిస్టులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు దాకా తమ దగ్గరికి వచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులను పరిశీలించి, ఫలితాలను ఒక అంతర్జాతీయ కిడ్నీ జర్నల్‌లో ప్రచురించారు. ఈ జబ్బులో కిడ్నీలోని వడపోత పొర దెబ్బతిని ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది, ఒళ్ళు వాస్తుంది. మొత్తం 22 మంది. వాళ్ళలో 15 మందికి బయాప్సీలో నెల్-1 అనే ప్రోటీన్ కనిపించింది. ఇది మామూలుగా అరుదు. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నామని ఒప్పుకున్నారు. క్రీము ఆపాక ఎక్కువమందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అంతకు ముందు, 2022లో, వెల్లూరు సీఎంసీ ఆస్పత్రి వాళ్ళు ఇదే నెల్-1 రకానికీ, లోహాలు కలిసే కొన్ని నాటు మందులకీ ఉన్న సంబంధాన్ని చూపించారు.

ఒప్పుకున్నారు అన్న మాట ఊరికే రాయలేదు. అడిగితే తప్ప ఎవరూ క్రీము గురించి చెప్పరు. అది మందు కాదు కదా అనుకుంటారు. తెల్లబడాలని ఏదో రాసుకుంటున్నామని డాక్టరు ముందు చెప్పడానికి సిగ్గుపడతారు కూడా. మీ చెల్లెల్ని దయచేసి తప్పు పట్టకండి. నల్లగా ఉందని ఆమెని ఎవరెవరు ఎన్ని మాటలు అన్నారో మనకి తెలియదు.

పాదరసం చర్మాన్ని ఎలా తెల్లబరుస్తుందంటే, మన చర్మంలో రంగును తయారు చేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిని అది ఆపేస్తుంది. చవక, త్వరగా ఫలితం కనిపిస్తుంది. అందుకే నిషేధం ఉన్నా అమ్ముతూనే ఉన్నారు. పాదరసం వాడకాన్ని అరికట్టడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం, 1 పీపీఎం (పది లక్షల వంతుల్లో ఒక వంతు) కన్నా ఎక్కువ పాదరసం ఉన్న కాస్మెటిక్స్‌ను 2020కల్లా ఆపేయాలని మొదట్లోనే చెప్పింది. వాడటం మానగానే రంగు మళ్ళీ వెనక్కి వస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా ముదురుగా. అది చూసి భయపడి మళ్ళీ డబ్బా తెరుస్తారు. మీ చెల్లెలికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

పదేళ్ళు దాటింది, అచ్చం ఇలాంటి వాపులతోనే ఒక అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. డబ్బా తెమ్మంటే తెచ్చింది. తయారు చేసిన కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు. మూత కింద చిన్న కాగితం మీద మాత్రం "వెండి, బంగారు నగలకు తగలనివ్వకండి" అని ఇంగ్లీషులో ఉంది. ముఖానికి రాసుకునే క్రీముకి నగలతో పనేమిటి? పాదరసం బంగారాన్నీ వెండినీ పట్టుకుంటుంది కాబట్టే ఆ హెచ్చరిక. మా టెక్నీషియన్ ఆ క్రీము కొంచెం తెల్ల టైలు మీద రాసి కిటికీ దగ్గర పెట్టాడు. సాయంత్రానికి అది బూడిద రంగుకి తిరిగింది. కాలోమెల్ అనే పాదరసం లవణం వెలుతురు తగిలితే అలా నల్లబడుతుంది. (ఇది ఇంట్లో చేసే పరీక్ష కాదు. రంగు మారకపోయినంత మాత్రాన క్రీము మంచిదని కాదు.) మిషన్ మీద కొలిస్తే 1 దాటకూడని అంకె వేలల్లో వచ్చింది. ఆ రోజు నాకు ఇంకా గుర్తుండటానికి కారణం వేరే. ఆ అమ్మాయి తల్లి జన్మలో క్రీము రాసుకున్న మనిషి కాదు. ఆవిడ మూత్రంలోనూ పాదరసం ఉంది. ఇద్దరిదీ ఒకే మంచం, ఒకే తువ్వాలు, ఒకే దిండు.

అందుకే బాబు గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. నాలుగేళ్ళ పిల్లాడు తల్లి బుగ్గకి బుగ్గ ఆనించి పడుకుంటాడు. అతని మూత్రం కూడా తప్పకుండా పరీక్ష చేయించండి. విపరీతమైన చిరాకు, ఊరికే చెమటలు, అరచేతులూ అరికాళ్ళూ ఎర్రగా అయి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, బీపీ పెరగడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకండి. పిల్లల్లో పాదరసం వల్ల వచ్చే ఈ జబ్బుని పింక్ డిసీజ్ అనేవారు. గత శతాబ్దం మొదటి సగంలో యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాలలో పిల్లలకి పళ్ళు వచ్చేటప్పుడు ఇచ్చే పొడుల్లో ఇదే కాలోమెల్ ఉండేది. ఎంతోమంది పిల్లలు వాడితే ఏ కొద్దిమందికో జబ్బు వచ్చేది. అందుకే కారణం పట్టుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1950లలో ఆ పొడులు పోయాయి, వాటితోపాటు జబ్బూ కనుమరుగైంది. "అదే క్రీము నా స్నేహితురాలు కూడా వాడింది, తనకేం కాలేదే" అని మీ చెల్లెలు అంటే, ఈ పొడుల సంగతి చెప్పండి.

ఇక ఆ జుట్టు రిపోర్టు. జుట్టు పరీక్ష మొత్తం మోసం అని నేను అనను. నాకు ఆ పరీక్ష మీద గౌరవం ఉంది. కానీ అది ఎక్కడ పనికొస్తుందో తెలియాలి. దానికి ముందు ఒక విషయం అర్థం కావాలి: పాదరసం అనేది మాటకి ఒకటే గానీ, ఒంట్లో మూడు వేరువేరు విషాల్లా నడుచుకుంటుంది.

థర్మామీటరులో ఉండే ద్రవ పాదరసం మింగితే దాదాపు ఏమీ ఒంటికి పట్టదు, విరేచనంలో పోతుంది. అదే ఆవిరిగా పీలిస్తే ఇంచుమించు 80 శాతం లోపలే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల నుంచి మెదడుకీ చేరుతుంది. థర్మామీటరు పగిలితే చీపురుతో ఊడవకూడదు, వేడి తగిలే చోట పెట్టకూడదు అనేది అందుకే. రెండోది పాదరసం లవణాలు, క్రీముల్లో ఉండేది ఇదే. ఇది కిడ్నీల్లో పేరుకుంటుంది, మూత్రంలో కనిపిస్తుంది. మూడోది మిథైల్ మెర్క్యురీ, చేపల్లో ఉండేది. తిన్నదాంట్లో సుమారు 95 శాతం రక్తంలో కలుస్తుంది. మన ఆహారంలోని ఒక అమైనో ఆమ్లంలా వేషం వేసుకుని మెదడులోకి, మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది. రక్తంలో, జుట్టులో కనిపిస్తుంది.

జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఇరాక్‌లో 1971-72 చలికాలంలో విత్తనాల కోసం తెప్పించిన, మిథైల్ మెర్క్యురీ మందు పట్టించిన గోధుమల్ని పల్లెల్లో జనం రొట్టెలు చేసుకుని తిన్నారు. ఆస్పత్రుల్లో చేరినవాళ్ళు 6,530 మంది, చనిపోయినవాళ్ళు 459 మంది. ఇవి లెక్కకి ఎక్కిన అంకెలు. అక్కడ పనిచేసిన పరిశోధకులు బాధితుల పొడుగాటి జుట్టుని సెంటీమీటరు సెంటీమీటరుగా కోసి, ఏ నెలలో ఎంత విషం ఒంట్లో ఉందో, గర్భంలో ఏ నెల బిడ్డకి ఎంత తగిలిందో లెక్క కట్టగలిగారు. జుట్టు అంత మంచి సాక్షి, మిథైల్ మెర్క్యురీ విషయంలో. మీ చెల్లెలి అనుమానం లవణాల గురించి. పైగా ఆమె ముఖానికి రాసుకునే క్రీము వేళ్ళతో జుట్టుకీ అంటుతుంది. బయటినుంచి అంటిందో లోపలినుంచి వచ్చిందో ఆ పరీక్ష చెప్పలేదు. ఆ రిపోర్టులో మిగతా లోహాలకి కూడా రంగుల గీతలు ఉండొచ్చు గానీ, వాటి ఆధారంగా మందు మొదలుపెట్టే డాక్టరు ఎవరూ ఉండకూడదు.

చేయించాల్సింది మూత్రంలో మెర్క్యురీ, క్రియాటినిన్‌తో కలిపి. లోహాల్ని సూక్ష్మంగా కొలిచే ఐసీపీ-ఎంఎస్ అనే మిషన్ ఉన్న ల్యాబ్‌లో, వాళ్ళిచ్చిన డబ్బాలోనే పట్టాలి. ఏ పరిశ్రమలోనూ పనిచేయని, క్రీములు వాడని మామూలు జనంలో ఇది లీటరుకి 5 మైక్రోగ్రాముల లోపే ఉంటుంది. రక్తంలో మెర్క్యురీ కూడా చూస్తారు, కానీ చేపలు తినేవాళ్ళలో అది కొంచెం ఎక్కువే రావచ్చు, దానికి కంగారు పడకండి. ఆర్సెనిక్ పరీక్ష ఎప్పుడైనా చేయిస్తే అంతకు ముందు ఒక వారం రొయ్యలు, పీతలు, సముద్రపు చేపలు మానాలి. వాటిలో ఉండే ఆర్సెనిక్ హాని లేని రకం, కానీ మిషన్ లెక్కలో అంకె పెరుగుతుంది. లెడ్ అయితే చేతి నరంలోంచి తీసిన రక్తంలోనే చూడాలి.

ఇంకొక జాగ్రత్త. కొన్ని సెంటర్లలో ముందు ఒక గోళీ ఇచ్చి, ఆ తర్వాత పట్టిన మూత్రాన్ని పరీక్షకి పంపుతారు. ఆ గోళీ లోహాన్ని మూత్రంలోకి లాగే మందు. అది వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా అంకె పెరుగుతుంది. పెరిగిన ఆ అంకెని గోళీ వేసుకోనివాళ్ళ నార్మల్‌తో పోల్చి భయపెడతారు. అమెరికాలో విషవైద్య నిపుణుల సంఘం ఈ పద్ధతి చెల్లదని 2010లోనే ప్రకటించింది. మీ చెల్లెలి మూత్రం ఏ గోళీ, ఏ డ్రిప్పూ తీసుకోకముందే పట్టించండి.

డ్రిప్పుల గురించి ఇంత గట్టిగా ఎందుకు వద్దంటున్నానంటే, అది నీళ్ళతో కడిగినట్టు లోహాన్ని కడిగేయదు. ఈ డ్రిప్పుల్లో వాడే చిలేషన్ మందులు, అంటే లోహాన్ని పట్టుకుని మూత్రంలోకి లాగేవి, నిజమైన మందులే, సరైన చోట ప్రాణాలు కాపాడతాయి. సీసం మెదడుకెక్కి ఫిట్స్ వచ్చిన పిల్లాడికి అవే దిక్కు. కానీ ప్రతి లోహానికీ మందు వేరు. డైమెర్కాప్రాల్ అనే ఇంజెక్షన్ కొన్ని విషాలకి పనిచేస్తుంది, అదే మిథైల్ మెర్క్యురీకి ఇస్తే పాదరసాన్ని మెదడులోకి ఇంకా ఎక్కువ తోస్తుంది. ఈడీటీఏ అనే ఇంకో చిలేషన్ మందులో రెండు రకాలున్నాయి. సీసానికి వాడేది కాల్షియం కలిపినది. దాని బదులు డైసోడియం రకం ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోవచ్చు. 2003-2005 మధ్య అమెరికాలో అలా ముగ్గురు చనిపోయారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2006లో రాసింది. అందులో ఒకరు ఐదేళ్ళ పిల్లాడు. ఆటిజం తగ్గుతుందని తల్లిదండ్రులు తీసుకెళ్ళారు. ఆ మరణం గురించి చదివిన రోజునుంచి, ఈ ప్రశ్న ఎవరడిగినా నేను మొహమాటం లేకుండానే జవాబు చెబుతున్నాను.

అంకె తగ్గితే మనిషి బాగుపడ్డట్టు కాదనేది ఇంకో సంగతి. అమెరికాలో 780 మంది చిన్నపిల్లల మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. రక్తంలో సీసం డెసిలీటరుకి 20 నుంచి 44 మైక్రోగ్రాములు ఉన్న పిల్లలు. సగం మందికి సక్సిమర్ అనే చిలేషన్ మందు, సగం మందికి ఉత్తుత్తి మందు. ఫలితాలు 2001లో వచ్చాయి. మందు తీసుకున్న పిల్లల రక్తంలో సీసం తగ్గింది. తెలివితేటల పరీక్షల్లో, ప్రవర్తనలో తేడా ఏమీ రాలేదు. మెదడుకి జరిగిన నష్టం అప్పటికే జరిగిపోయింది. అమెరికాలోనే డార్ట్‌మత్ కాలేజీ రసాయన శాస్త్రవేత్త కేరెన్ వెటర్‌హాన్ కథ కూడా ఇంతే. 1996 ఆగస్టులో ఆమె చేతి తొడుగు మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు ఒకటో రెండో పడ్డాయి. రబ్బరు తొడుగులోంచి అది క్షణాల్లో దిగిపోయింది. అయిదు నెలలు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత నడక తడబడింది, మాట తడబడింది. చిలేషన్ చేశారు, మూత్రంలో పాదరసం బయటికి పోయింది కూడా. 1997 జూన్‌లో చనిపోయారు.

ఇది చదివి మీ చెల్లెలు భయపడకూడదు. ఆమె విషయంలో అనుమానిస్తున్నది వేరే రూపం, వేరే అవయవం, కిడ్నీ చాలావరకు కోలుకునే జబ్బు. క్రీము ఆపాక కిడ్నీల్లోని పాదరసం సుమారు రెండు నెలలకి సగం చొప్పున తగ్గుతూ వస్తుంది. ప్రోటీన్ తగ్గడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. నేను చెప్పిన ఆ అమ్మాయికి ఎనిమిది నెలలు పట్టింది. మూత్రంలో మెర్క్యురీ బాగా ఎక్కువ ఉంటే సక్సిమర్ లాంటి మందు ఇవ్వాలా వద్దా అనేది నెఫ్రాలజిస్టు నిర్ణయించాలి, అదీ ఆస్పత్రిలో. ఎందుకంటే ఆ మందులు బయటికి పోయేదీ అవే కిడ్నీల గుండా.

బయాప్సీ వద్దనకండి. చేసేటప్పుడు నెల్-1 స్టెయినింగ్ (ఆ ప్రోటీన్ ఉందో లేదో రంగు వేసి చూడటం) కూడా చేయమని అడగండి. అన్ని చోట్లా మామూలుగా చేయరు. నెల్-1 వస్తే డాక్టరు కొన్ని క్యాన్సర్ పరీక్షలు కూడా రాయవచ్చు. కొందరిలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్ళలో, ఆ సంబంధం ఉంటుంది కాబట్టి జాగ్రత్త కోసం చూస్తారు. టెన్షన్ పడి రాత్రంతా ఫోనులో వెతుక్కోకండి. చెల్లెలు ఏదైనా భస్మమో, రససిందూరమో, నాటు మందో వాడిందేమో కూడా నెమ్మదిగా అడగండి. నాగభస్మం అంటే సీసం, రసం అంటే పాదరసం. పేర్లలోనే ఉంది.

చేపలు మానొద్దు. ఈ భయం మినమాటా నుంచి వచ్చింది. అది జపాన్‌లో కుమమోటో ప్రాంతంలో ఉన్న ఊరు. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ పాదరసం కలిసిన మురుగుని 1968 దాకా సముద్రంలోకి వదిలింది. ముందు పిల్లులు పిచ్చిగా గెంతి చచ్చిపోయాయి, తర్వాత మనుషులు పడిపోయారు. జబ్బుని 1956 మే 1న అధికారికంగా గుర్తించారు. అక్కడ డాక్టర్ మసజుమి హరాడా, పెద్దగా లక్షణాలు లేని తల్లులకి తీవ్రంగా దెబ్బతిన్న పిల్లలు పుట్టడం గమనించారు. మాయ విషాన్ని ఆపుతుందని అప్పటిదాకా వైద్యుల నమ్మకం. మన ఊళ్ళలో బొడ్డుతాడు ముక్కని తాయెత్తులో పెట్టి కట్టినట్టే, జపాన్‌లో దాన్ని ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. ఏళ్ళ తర్వాత ఆ తల్లులు దాచుకున్న బొడ్డుతాళ్ళని పరిశోధకులకి ఇచ్చారు. వాటిలో మిథైల్ మెర్క్యురీ దొరికింది. కడుపులో ఉన్నప్పుడే బిడ్డకి అందిందని అవే రుజువు చెప్పాయి.

కానీ అది ఫ్యాక్టరీ విషం పట్టిన సముద్రం. తిమింగలం మాంసం తినే ఫారో దీవుల్లో పిల్లల మీద కొద్దిపాటి ప్రభావం కనిపించింది. రోజూ సముద్రపు చేపలు తినే సీషెల్స్ దీవుల్లో పిల్లల్ని ఏళ్ళ తరబడి చూసినా స్పష్టమైన హాని కనిపించలేదు. చేపలో ఉన్న మంచి కొవ్వులు పిల్లల మెదడుకి అవసరం. చెరువులో పెరిగిన శీలావతి, బొచ్చె, చిన్నచిన్న కవ్వళ్ళు, నెత్తళ్ళు నిశ్చింతగా తినండి. పెద్ద చేప చిన్న చేపల్ని తిని, వాటిలోని పాదరసాన్నంతా తనలో కూడబెట్టుకుంటుంది. కాబట్టి సొర, పెద్ద ట్యూనా, బాగా పెద్ద వంజరం గర్భిణులూ, చిన్నపిల్లలూ తగ్గిస్తే మంచిది. ఉడికించినా, పులుసు పెట్టినా అది పోదు. చేప కండలోనే పట్టుకుని ఉంటుంది.

అమ్మ పంటి సిమెంటు కదిలించవద్దు. అందులో సగం పాదరసమే, నిజమే. కానీ గట్టిగా ఉన్నదాన్ని డ్రిల్లుతో తీస్తేనే ఎక్కువ ఆవిరి వస్తుంది. అది ఊడిపోయిన రోజున పంటి రంగు సిమెంటు పెట్టించుకోమనండి, చాలు.

మీరు ఏలూరు గురించి కూడా ఒక మాట రాశారు. 2020 డిసెంబరులో అక్కడ వందల మంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ ప్రాథమిక నివేదిక చెప్పింది. ఆ వారం మా ల్యాబ్ ఫోను ఆగలేదు, అందరికీ లెడ్ టెస్టు కావాలి. సీసం సాధారణంగా అలా రాదు. నెమ్మదిగా పేరుకుంటుంది, కొన్ని గంటల్లో తగ్గి మనిషి ఇంటికి నడిచి వెళ్ళడు. తర్వాత వచ్చిన నివేదికలు పురుగుమందుల అవశేషాల వైపు చూపించాయి. రక్తంలో ఒక లోహం కనబడటం వేరు, జబ్బుకి అదే కారణం కావడం వేరు.

రేపు పొద్దున్న నెఫ్రాలజిస్టు దగ్గరికి వెళ్ళేటప్పుడు క్రీము డబ్బా, జుట్టు రిపోర్టు, ఇంట్లో ఉన్న నాటు మందులన్నీ ఒక సంచిలో పెట్టుకెళ్ళండి. ఎప్పటినుంచి వాడుతోందో, రోజుకి ఎన్నిసార్లో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. దిండు గలేబులు, తువ్వాళ్ళు విడిగా ఉతకండి. క్రీము బాగా పట్టినవైతే వాడకం మానేయండి. డబ్బాని చెత్తలో వేయకండి, కాల్చకండి, కాలిస్తే ఆవిరి పీల్చేది మీరే. డాక్టరు ద్వారా పరీక్షకి పంపించండి. అందులో పాదరసం తేలితే డ్రగ్ కంట్రోల్ వాళ్ళకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ పార్లర్‌లో అదే క్రీము కొన్న మిగతా ఆడపిల్లలకి ఈ సంగతి చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేరు.

బాబు మూత్రం రిపోర్టు వచ్చాక అంకె, కింద రాసిన యూనిట్లు రెండూ నాకు రాయండి. మైక్రోగ్రాములు లీటరుకా, గ్రాము క్రియాటినిన్‌కా అన్నది తెలియకుండా ఆ అంకెకి అర్థం చెప్పలేను.